ఆ ప్లేయర్‌ని పారేయకండమ్మా

ప్రశ్న: ఎనిమిదేళ్ల కిందట చవకలో కొన్న బ్లూరే ప్లేయర్‌లో యూట్యూబ్ తెరుచుకోవడం మానేసింది. డిస్కులూ ఆగి ఆగి ఆడుతున్నాయి. పాత సామాన్లవాడికి ఇచ్చేయనా?
– ఓ పాఠకురాలు, ఏలూరు

జవాబు: అప్పుడే ఇవ్వకండమ్మా. మా ఇంట్లోనూ అలాంటిదే ఉంది. కంపెనీ అప్‌డేట్లు ఆపేశాక లోపలి యాప్‌లు ఒక్కొక్కటే మూగబోతాయి, మీరు చేయగలిగింది లేదు. యూట్యూబ్ కోసం టీవీకే ఓ స్ట్రీమింగ్ స్టిక్ (టీవీకి గుచ్చి నెట్ వీడియోలు చూసే చిన్న పరికరం) పెట్టుకోండి, ప్లేయర్‌ని డిస్కులకే ఉంచండి.

బ్లూరే వేశాక మా దాంట్లో నిమిషం దాకా తెర నల్లగానే ఉంటుంది. టెన్షన్ పడి బటన్లు నొక్కితే మళ్లీ మొదటికొస్తుంది. సెట్టింగ్స్‌లో బీడీ-లైవ్ (డిస్కు నెట్ నుంచి అదనపు సరుకు తెచ్చుకునే సదుపాయం) ఆపేయండి. డిస్కు నెట్ కోసం వెతుక్కోవడం మానేస్తుంది.

ఆగి ఆగి ఆడుతుంటే ముందు డిస్కు తుడవండి. మెత్తటి పొడిబట్టతో మధ్య నుంచి అంచుకి తిన్నగా, గుండ్రంగా మాత్రం వద్దు. మా పెళ్లి డీవీడీలో సరిగ్గా తలంబ్రాల దగ్గర ఆగిపోయేది, ఇలా తుడిచాకే కదిలింది. మీ దగ్గరా అలాంటివుంటే ఈ వారమే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయించండి. ఇంట్లోనో స్టూడియోలోనో రికార్డు చేసిన డీవీడీల్లో వీడియోని పట్టి ఉంచే రంగు పొర ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది.