పెదవుల మీద వేసుకునే ఆ చిన్న సిలువ

ప్రశ్న: టీచరమ్మా, నమస్కారం. నాకు 29 ఏళ్ళు. తిరుపతి రైల్వేస్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో పనిచేస్తున్నాను. మేం తాతల నాటి నుంచి కథోలికులం. మా పెద్దమ్మ కొడుకు వేరే క్రైస్తవ సంఘానికి వెళ్తాడు. "రోజుకు వందమంది మొహాలు చూస్తావు, ఒక్కరికైనా ప్రభువు గురించి చెప్పావా? నీది పేరుకే విశ్వాసం" అని మొన్న నలుగురిలో అనేశాడు. కొండకు వచ్చే యాత్రికులకు నేనేం చెప్పేది? అప్పట్నుంచి సరిగా నిద్ర పట్టడం లేదు. ఇంకో టెన్షన్ కూడా ఉంది. రద్దీ రోజుల్లో రూములున్నా లేవని చెప్పమంటారు. మనిషి నిరాశపడి వెనక్కి తిరగ్గానే పిలిచి, ఒకటుందని రేటు పెంచి ఇవ్వాలి. ఆదివారం డ్యూటీ పడితే చర్చిలో పూజకు పోలేకపోతున్నాను, అదొకటి.
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: నాయనా, ముందు చిన్నది తేల్చేస్తాను. ఆదివారం డ్యూటీ పడితే శనివారం సాయంత్రం పూజకు వెళ్ళు. అది ఆదివారం పూజ కిందే లెక్క. 1983 నాటి శ్రీసభ (మన కథోలిక సంఘం) ధర్మశాస్త్రంలో 1248వ సూత్రం ఆ మాటే చెబుతుంది. మీ విచారణలో, అంటే మీ పారిష్‌లో, శనివారం పూజ ఎన్నింటికో ఫాదర్‌ను అడుగు.

ఇక అసలు సంగతి. పూజలో సువిశేషం (క్రీస్తు సువార్త) చదివే ముందు మనం బొటనవేలితో నుదుటి మీద, పెదవుల మీద, రొమ్ము మీద చిన్న చిన్న సిలువలు వేసుకుంటాం కదా. ప్రభువు మాట నా బుద్ధిలో, నా నోట, నా గుండెలో ఉండాలని. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ వేసుకుంటున్నాను. కానీ ఆ నడిమి సిలువ సంగతి నాకు తెలిసొచ్చింది చిత్తూరు కూరగాయల మార్కెట్లో.

అప్పటికి రిటైరై ఏడాది. ఆదివారం పూజ చూసుకుని, సంచీ పట్టుకుని అట్నుంచటే మార్కెట్‌కు వెళ్ళాను. ఒక ముసలామె తడి గోనెపట్టా మీద తోటకూర కట్టలు పరుచుకుని, చెంబులో నీళ్ళు చిలకరిస్తా కూర్చుంది. కట్ట పది రూపాయలంది. ఆకు చివర్లు పసుపు తిరిగున్నాయి. "వాడిపోయిన కూర అంటగడతావా, మీ బుద్ధులే ఇంత" అనేశాను. బడిలో ముప్పై ఏళ్ళు పిల్లల్ని అదిలించిన గొంతు నాది, పక్క అంగళ్ళ వాళ్ళూ తిరిగి చూశారు. ఆమె మారు మాట్లాడలేదు. కట్ట విప్పి, పండిన ఆకులు నాలుగు ఏరి పక్కన పడేసి, మళ్ళీ అరటినారతో చుట్టి, "తీసుకోమ్మా" అని నా సంచీలో పెట్టింది. ఆమె వేళ్ళు నీళ్ళలో నాని తెల్లగా ముడతలు పడున్నాయి.

మరుసటి ఆదివారం సువిశేషం దగ్గర బొటనవేలు పెదవుల మీదికి పోయేసరికి ఆ వేళ్ళే కళ్ళముందుకొచ్చాయి. చెయ్యి ఆగిపోయింది. దివ్యసత్ప్రసాదం తీసుకున్న గంటలోపే ఆ నోటితోనే కదా ఆ మాట అన్నది! పూజ కాగానే నేరుగా ఆమె దగ్గరికే వెళ్ళి, "ఆ రోజు నేనట్లా అనుండకూడదు, మనసులో పెట్టుకోవద్దు" అన్నాను. "ఏ రోజమ్మా?" అనింది. నిజంగా మరిచిపోయిందో, నన్ను కాపాడాలనుకుందో నాకిప్పటికీ తెలీదు.

అందుకే నీ కౌంటర్ గురించి గట్టిగా చెబుతాను. కడప పీఠం (కడప బిషప్‌గారి పరిధి) కిందున్న మన చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో కథోలికులం గుప్పెడు మందిమి. చాలామంది మన పూజ చూడరు, మన ప్రార్థన వినరు. వాళ్ళు చూసేది మనం చిల్లర ఎలా లెక్కపెట్టి ఇస్తామో, విసుగులో ఎలా మాట్లాడతామో అంతే. ఈ కాలపు మనిషి బోధకుల కంటే సాక్షుల మాటే ఎక్కువగా వింటాడని 1975లోనే ఆరవ పౌలు పోప్‌గారు రాశారు. పోప్ ఫ్రాన్సిస్ 2018లో పవిత్రత గురించి రాసిన లేఖలో ఎక్కడో మఠంలోని మనిషిని కాదు, బజారుకెళ్ళిన ఒక గృహిణిని చూపిస్తారు. పక్కింటామె ఎదురవుతుంది, మాటలు చాడీల్లోకి దిగుతాయి. 'నేనెవరి గురించీ చెడ్డగా మాట్లాడను' అని ఆమె మనసులో అనుకుంటుంది. పవిత్రతలో అదొక అడుగు అంటారాయన. బజారు మాట కాబట్టేమో, నాకు నేరుగా తగిలింది.

మీ అన్న మీద కోపం పెట్టుకోవద్దు. ఆయనకు ప్రభువంటే ప్రేమ ఉంది. కానీ దర్శనానికి వచ్చినవాళ్ళను నిలబెట్టి బోధించడం నీ పని కాదు. వాళ్ళ భక్తిని గౌరవించు. ఇతర మతాల్లో సత్యమూ పవిత్రమూ అయినదాన్ని దేన్నీ శ్రీసభ తోసిపుచ్చదని 1965లో వాటికన్ మహాసభ స్పష్టంగా చెప్పింది. నీ మెడలో జపమాల చూసి, లేదా నీ నడత చూసి ఎవరైనా అడిగితే అప్పుడు దాచకుండా చెప్పు. బైబిల్లో పేతురుగారి మొదటి లేఖ చెప్పేదీ అదే: అడిగినవాళ్ళకు జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండాలి, అదీ మృదువుగా, మర్యాదగా.

రూముల సంగతి మాత్రం మెత్తగా చెప్పలేను. ఉన్నది లేదనడం అబద్ధం, నువ్వది చెప్పకూడదు. రాత్రంతా రైల్లో కూర్చుని, చంటిబిడ్డను భుజాన వేసుకుని వచ్చినవాళ్ళ అలసటను అమ్ముకోవడమది. మీ మాట అవునంటే అవును, కాదంటే కాదుగా ఉండాలని మత్తయి 5:37లో ప్రభువే అన్నాడు. అలాగని నలుగురి ముందు యజమాని మీద తిరగబడొద్దు. రద్దీ లేని పూట, ఆయన ఒక్కడే ఉన్నప్పుడు, "సార్, ఏ పనైనా చేస్తాను, లేదని మాత్రం నా నోటితో చెప్పలేను. రేటు ఎంతో బోర్డు మీద రాయిద్దాం, ఉన్నది ఉన్నట్టు చెప్తాను" అని అడిగి చూడు. ఒప్పుకోకపోతే వేరే పని వెతుక్కోవాల్సి రావచ్చు. ఇంటి ఖర్చులున్నవాడికి ఇది చిన్న మాట కాదని నాకు తెలుసు. ఆ వెతుకులాటలో మీ ఫాదర్‌నూ, విచారణ పెద్దలనూ మొహమాటపడకుండా సాయమడుగు.

నిజంగానే రూములు నిండిపోయిన రోజున "లేవు" అని తల దించుకోవద్దు. స్టేషన్ ఎదురుగానే దేవస్థానంవాళ్ళ వసతిగృహం విష్ణునివాసం ఉంది, బస్టాండ్ దగ్గర వాళ్ళదే శ్రీనివాసం ఉంది. ముందు అక్కడ అడగమని దారి చూపించు. పిల్లలుంటే కూర్చోబెట్టి ఓ గ్లాసు నీళ్ళివ్వు.

యజమానితో మాట్లాడాక ఆయనేమన్నాడో నాకు రాయి. నీ ఉత్తరం కోసం చూస్తుంటాను.