కొట్టు గుమ్మం దాటి ఎండలో చూడు

అమ్మడూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన రెండు కెమెరాలూ చూశాను. "రెండూ 20 మెగాపిక్సెల్సే కదా మావయ్యా, 40 రెట్లు జూమయ్యే కానన్ ఎస్ఎక్స్740 వదిలేసి 3.6 రెట్ల సోనీ ఆర్ఎక్స్100 ఎందుకు?" అని అడిగావు. గవర్నర్‌పేటలో ముప్పై ఏళ్లు స్టూడియో నడిపినవాణ్ణి, ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోగలనా!

మెగాపిక్సెల్స్ పక్కన పెట్టి లోపలి సెన్సర్, అంటే వెలుతురుని పట్టుకుని ఫోటోగా మార్చే పలక, ఎంతుందో చూడు. కానన్‌లోది సుమారు 6.2 మి.మీ. వెడల్పు, 4.6 ఎత్తు. సోనీలోది 13.2, 8.8. అంటే వైశాల్యం నాలుగింతలు. పగటిపూట తేడా పెద్దగా తెలియదు. అదే దసరాకి దుర్గా ఘాట్‌లో తెప్పోత్సవం తీశావనుకో, చిన్న సెన్సర్‌తో హంస వాహనం మీది దీపాలు బాగానే పడతాయి, చుట్టూ నీళ్లలో మాత్రం ఇసక చల్లినట్టు గ్రెయిన్స్ వస్తాయి. పైగా సోనీ లెన్స్ ఎఫ్1.8 దాకా తెరుచుకుంటుంది, కానన్‌ది 3.3 దగ్గరే ఆగిపోతుంది. ఈ అంకె ఎంత తక్కువైతే లోపలికి అంత ఎక్కువ వెలుతురు వస్తుంది. కాకపోతే జూమ్ చేసేకొద్దీ సోనీ కూడా 4.9కి వచ్చేస్తుంది. చీకట్లో జూమ్ జోలికి పోకుండా నువ్వే నాలుగడుగులు ముందుకెయ్యి.

నువ్వు ఆదివారాలు ఉప్పలపాడు చెరువుకి పక్షుల కోసం వెళ్లేదానివైతే మాత్రం ఇదంతా మర్చిపోయి కానన్నే కొనుక్కో.

ఇక చేతిలో పట్టుకుని చూడటం. కొట్లో లైట్ల కింద ఏ స్క్రీనైనా ముద్దొస్తుంది. ఓనర్ని అడిగి బీసెంట్ రోడ్డు మీదికి రా, అదీ మధ్యాహ్నం పన్నెండింటికి. ఈ రెండిటికీ వ్యూఫైండర్, అంటే కన్ను ఆనించి చూసే బుల్లి కిటికీ, లేదు. బెజవాడ ఎండలో స్క్రీన్ మీద నీ మొహమే కనిపిస్తుంది తప్ప ఎదురుగా ఉన్న బండివాడు కనపడడు. అలాగే అరచేతికి చెమట పట్టాక ఒంటి చేత్తో పట్టుకో. సోనీ ముందువైపు నున్నగా ఉంటుంది, జారుతుంది. అతికించుకునే గ్రిప్ దొరుకుతుందిలే.

నా మాట వింటే, 2014లో వచ్చిన ఆర్ఎక్స్100 మూడో మోడల్ సెకండ్ హ్యాండ్‌లో వెతుకు. పక్కనున్న మీట జరిపితే బుల్లి వ్యూఫైండర్ పైకి లేస్తుంది. దాని అద్దాన్ని వేలితో వెనక్కి లాగాలి, లేకపోతే అంతా మసకే. జూమ్ ఇంకా తక్కువ, కానీ చివరిదాకా లాగినా ఎఫ్2.8 దాటదు.

పాతది కొనేటప్పుడు పదిసార్లు ఆన్ చేసి ఆఫ్ చెయ్, చెవి దగ్గర పెట్టుకుని. ఇది నాకు గుంటూరు మిర్చి యార్డు నేర్పింది. మిర్చి బస్తాల మధ్య దుమ్ములో పొద్దస్తమానం ఫోటోలు తీశాను. లెన్స్ లోపలికెళ్లినప్పుడల్లా ఆ దుమ్మునీ ఈడ్చుకెళ్లింది. సాయంత్రానికి కరకరమంటూ సగంలో బిగుసుకుపోయింది. రిపేరుకి అడిగిన డబ్బుకి ఇంకో పాత కెమెరా వచ్చేది. లెన్స్ ఊడిరాదు కాబట్టి లోపలి దుమ్ము మనం తుడవలేం. అందుకే కొనకముందే ఎఫ్11 పెట్టి తెల్లగోడని ఫోటో తీసి, స్క్రీన్ మీద పెద్దది చేసి మూలమూలలా చూడు. నల్ల మచ్చ కనిపిస్తే ఎంత తగ్గించినా తీసుకోకు.

నీ ఎస్‌డీ కార్డు పట్టుకెళ్లు. అన్నిటితోనూ అదే వీధి తీసి ఇంటికి తీసుకురా, ఆదివారం పొద్దున్నే టీవీలో పెట్టి చూద్దాం. అత్తయ్య పెసరట్లు వేస్తానంది.

మీ మావయ్య