పెద్ద టర్బో వేస్తే ఘాట్‌లో బండి ఎక్కువ లాగుతుందా?

ప్రశ్న: అనకాపల్లి నుంచి పాడేరుకు సరుకులు తోలే చిన్న లారీ నాది. నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిను, 2956 సీసీ, మెకానికల్ పంపు, ఇంటర్‌కూలర్ ఉంది. టర్బో షాఫ్టు ఆడుతోంది, ఇంజినాయిల్ కూడా తాగుతోంది. ఆరు సిలిండర్ల 5.7 లీటర్ల లారీ నుంచి తీసిన టర్బో ఒకటి విజయవాడ ఆటోనగర్‌లో ఉందనీ, ఫ్లాంజి మార్చి అది బిగిస్తే ఘాట్‌లో పికప్ బాగా పెరుగుతుందనీ మెకానిక్ అంటున్నారు. వేయించవచ్చా?
– ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: వేయించవద్దు. ఆ టర్బో ఎంత మంచి స్థితిలో ఉన్నా మీ ఇంజినుకు సరిపడదు. ఎందుకు సరిపడదో లెక్క వేసి చూస్తే మీ మెకానిక్ కూడా ఒప్పుకుంటారని నా నమ్మకం.

ఇంజిను వదిలే పొగ ఊపుకు టర్బైను చక్రం తిరిగి, అదే షాఫ్టు మీదున్న కంప్రెసర్ చక్రాన్ని తిప్పి, గాలిని ఒత్తి సిలిండర్లలోకి పంపే పరికరమే టర్బో; అలా పెరిగిన గాలి పీడనాన్ని బూస్టు అంటారు. టర్బో సైజును నిర్ణయించేది ఇంజిను నిమిషానికి ఎంత గాలి పీల్చుకుంటుందన్న లెక్క. హార్స్‌పవర్ అంకె ఆ తరువాతి మాట. నాలుగు స్ట్రోకుల ఇంజినులో ప్రతి సిలిండరూ రెండు చుట్లకు ఒకసారి గాలి తీసుకుంటుంది కాబట్టి, 2800 ఆర్‌పీఎం వద్ద మీ ఇంజిను నిమిషానికి 1400 సార్లు 2.956 లీటర్ల చొప్పున, అంటే సుమారు 4140 లీటర్లు తీసుకోవాలి. సిలిండర్లు పూర్తిగా నిండవు గనుక అందులో 85 శాతమే లెక్కలోకి తీసుకుంటే అది 3500 లీటర్లవుతుంది. టర్బో గాలి పీడనాన్ని బయటి పీడనానికి 1.8 రెట్లు చేసి, ఇంటర్‌కూలర్ దాన్ని 60 డిగ్రీలకు చల్లబరిస్తే, ఆ గాలి బరువు నిమిషానికి 6.6 కిలోలు. అదే పీడనంతో 1500 ఆర్‌పీఎం వద్ద 3.5 కిలోలు. అంటే మీ టర్బో 3.5 నుంచి 6.6 కిలోల మధ్య ఎక్కడైనా సమర్థంగా పనిచేయగలగాలి.

ఇదే లెక్కను ఆ 5.7 లీటర్ల ఇంజినుకు వేయండి. 1500 ఆర్‌పీఎం వద్దే దానికి 6.8 కిలోల గాలి కావాలి. మీ ఇంజిను గరిష్ఠ వేగంలో పీల్చే గాలి ఆ టర్బోకు ఆరంభం మాత్రమే. పాడేరు ఘాట్‌లో సరుకుతో రెండో గేరులో ఎక్కుతున్నప్పుడు మీ ఇంజిను 1400, 1800 మధ్య తిరుగుతుంటుంది. ఆ వేగంలో వెలువడే పొగకు అంత పెద్ద టర్బైనును తిప్పే బలం ఉండదు. బూస్టు అందకపోతే, పంపుకు బూస్టును బట్టి డీజిల్ వదిలే కంట్రోలు ఉన్న పక్షంలో అది డీజిల్ తగ్గిస్తుంది, బండి లాగదు. ఆ కంట్రోలును ఎవరైనా విప్పి బిగించి ఉంటే డీజిల్ వస్తుంది కానీ గాలి రాదు. నల్లపొగ కమ్ముతుంది, పొగ వేడికి వాల్వులూ పిస్టన్లూ దెబ్బతింటాయి. కిలో డీజిల్ పూర్తిగా మండడానికి 14.5 కిలోల గాలి కావాలి, పొగ లేకుండా మండాలంటే ఆచరణలో 20 కిలోల దాకా కావాలి. మరో మాట కూడా గుర్తుంచుకోవాలి: శక్తి డీజిల్ నుంచి వస్తుంది, టర్బో దానికి కావలసిన గాలి మాత్రమే అందిస్తుంది. పంపు సెట్టింగు మారకుండా గాలి ఒక్కటే పెంచినందువల్ల లాగే బలం పెద్దగా పెరగదు.

కొందరు మెకానిక్‌లు పాత చిన్న టర్బైను హౌసింగుకు పెద్ద కంప్రెసర్ చక్రం జతచేసి మధ్యేమార్గం చూపిస్తారు. అది మరింత ప్రమాదకరం. టర్బైను త్వరగా తిరిగి పీడనం పెంచుతుంది కానీ ఇంజిను అంత గాలి తీసుకోలేదు. గాలి వెనక్కి తన్నుతుంది. దీన్నే సర్జ్ అంటారు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు గాలి పైపులో దడదడమని శబ్దం వస్తే అదే. ఆ దెబ్బలన్నీ షాఫ్టు ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపే థ్రస్టు బేరింగు మీద పడతాయి, టర్బో ఎక్కువ కాలం నిలవదు.

అలాగని మరీ చిన్నది కూడా పనికిరాదు. చిన్న టర్బైను తక్కువ వేగంలోనే బూస్టు ఇస్తుంది, కానీ హైవే మీద వేగం పెరిగాక పొగ బయటికి పోవడానికి అడ్డమై డీజిల్ ఖర్చు పెంచుతుంది. వేస్ట్‌గేట్ కొంత పొగను పక్కకు వదిలినా అది కొంతవరకే. పాడేరు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ గాలి దాదాపు పది శాతం పలుచన. అదే బూస్టు ఇవ్వడానికి టర్బో మరింత వేగంగా తిరగాలి, ఆ వెసులుబాటు మరీ చిన్న టర్బోకు ఉండదు. బూస్టు పెంచుతామని వేస్ట్‌గేట్ రాడ్డును బిగించే అలవాటు కొన్నిచోట్ల ఉంది, దయచేసి ఒప్పుకోవద్దు.

మీ ఇంజినుకు తయారీదారు ఎంచిన టర్బోనే తీసుకోండి. పాత టర్బో హౌసింగు మీది చిన్న ప్లేటుపై ఉన్న పార్టు నంబరును ఇంజిను నంబరుతో పాటు చూపించి, రెండూ సరిపోయాయని తేల్చుకున్నాకే కొనండి. అంతకన్నా ముందు, పాతది ఎందుకు చెడిందో కనుక్కోవాలి. ఆయిల్ వచ్చే సన్నని పైపులో మసి గట్టిపడిందా, ఆయిల్ తిరిగి చాంబరులోకి దిగే పైపు నలిగిందా, ఇంజిను అడుగుభాగంలోని ఆవిరి బయటికి పోయే క్రాంక్‌కేసు బ్రీదరు మూసుకుపోయిందా, ఎయిర్ ఫిల్టరు తరువాతి రబ్బరు గొట్టం పగిలి దుమ్ము లోపలికి పోతోందా? వీటిని సరిచేయకుండా కొత్త టర్బో బిగిస్తే దానికీ అదే గతి పడుతుంది. బిగించేటప్పుడు ఆయిల్ రంధ్రంలో శుభ్రమైన ఆయిల్ పోసి, షాఫ్టును చేత్తో తిప్పి, ఆ తరువాతే స్టార్ట్ చేయించండి. ఘాట్ ఎక్కి ఆగిన వెంటనే ఇంజిను ఆపకుండా ఒకటి రెండు నిమిషాలు స్లోలో ఉంచితే బేరింగుల్లో ఆయిల్ మాడిపోదు.

ప్రశ్న: నా పాత లారీ ఇంజినుకు టర్బో లేదు. కొత్తగా ఏ సైజు టర్బో వేయించుకోవచ్చు?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఏ సైజూ వేయించవద్దు. టర్బో ఇంజినులో బయటికి కనిపించే ఆ ఒక్క భాగమే కాదు, సాధారణంగా పిస్టన్లు, కంప్రెషన్ నిష్పత్తి, హెడ్ గ్యాస్కెట్, పిస్టన్ కింద ఆయిల్ చిమ్మే ఏర్పాటు, రేడియేటర్ సైతం వేరుగా ఉంటాయి. అవేవీ లేకుండా టర్బో ఒక్కటే తగిలిస్తే మొదట గ్యాస్కెట్, ఆ తరువాత పిస్టన్ పోయే అవకాశం ఎక్కువ. పైగా తయారీదారు నిర్దేశించిన దానికీ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా వాహనాన్ని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నిషేధిస్తోంది. ప్రమాదం జరిగితే బీమా క్లెయిముకూ చిక్కు రావచ్చు. మీ బండి మునుపటంత లాగడం లేదనుకుంటే, ముందు కంప్రెషన్ చూపించి, ట్యాపెట్లు సరిచేయించి, నాజిళ్లనూ పంపునూ బెంచి మీద పరీక్ష చేయించండి.