గీత దాటుతున్న కాలు

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్లు, క్రికెట్‌లో బౌలింగ్ చేస్తాడు. పరుగు బాగానే ఉంటుంది, వికెట్ల దగ్గరకు రాగానే అడుగులు కుదించుకుంటాడు. లేదంటే నోబాల్. ఏం చేయాలి?
– ఒక తండ్రి, కావలి

జవాబు: చేతిని తప్పుపట్టకండి, తేడా పరుగులోనే ఉంది. క్రీజు దగ్గర నిలబెట్టి, వికెట్లకు దూరంగా, పరుగు మొదలుపెట్టే వైపుకు పరుగెత్తించి, బంతి వేయాలనిపించిన చోట సున్నంతో గీత గీయండి. ఆరేడుసార్లు చేస్తే గీతలన్నీ ఒకచోట గుమిగూడతాయి. పరుగు మొదలు అక్కడే.

ముందు పాదంలో కొంతైనా పాపింగ్ క్రీజు (వికెట్ల ముందున్న గీత) వెనక పడాలి; మడమ ఆ గీత మీద ఉంటే చాలదు. ఆ కాలు నేలను గట్టిగా తన్నాకే బంతి చేయి జారాలి. మా ఒంగోలు పిల్లలకు నేను ‘ధన్... విడు’ అని అరుస్తాను. నవ్వుతారు, కానీ కుదురుతుంది. బంతి లేని చేయి? బావిలో చేద లాగినట్టు కిందికి లాగమనండి. వేగం గురించి ఈ ఏడాది మాట్లాడనే వద్దు.