దేవుడి దగ్గర ఒప్పుకున్నాను, తమ్ముడికి కూడా చెప్పాలా?

ప్రశ్న: మాది గుంటూరు. వయసు 46. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. నాలుగేళ్ళ క్రితం, సత్తెనపల్లి దగ్గర పల్లెలో ఉండే మా తమ్ముడు 40 క్వింటాళ్ళ తేజ రకం మిర్చి నా మీద నమ్మకంతో పంపాడు. క్వింటాకు 2,000 తగ్గించి పట్టీ (అమ్మకం లెక్క చీటీ) రాసిచ్చి, ఆ 80,000 నేను వాడుకున్నాను. వాడు పట్టీ చదవకుండానే మడిచి జేబులో పెట్టుకుని, ‘నువ్వున్నావుగా అన్నా’ అని బస్టాండుకు వెళ్ళిపోయాడు. లూథరన్ సంఘంలో నేను పెద్దని, కానుకలు లెక్కపెడతాను. రోజూ రాత్రి ఏడ్చి ఒప్పుకుంటున్నాను. 25,000 పెట్టి చర్చికి మైకుసెట్టు కొనిచ్చాను. అయినా మనశ్శాంతి లేదు. బైబిల్లో 51వ కీర్తనలో దావీదు రాజు దేవుడితో ‘నీకే విరోధంగా పాపం చేశాను’ అన్నాడు కదా, దేవుడికి చెబితే చాలదా? విజయవాడ గుణదల మేరీమాత గుడికి వెళ్ళి పాపసంకీర్తనం చేసుకోమని, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోమని, మా ఆర్‌సీఎం (క్యాథలిక్) స్నేహితుడు అంటున్నాడు.

జవాబు: పట్టీ మడిచి జేబులో పెట్టుకున్న మీ తమ్ముడి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నాలుగేళ్ళయినా ఆ మడత మీకు గుర్తుంది. దేవుడు క్షమించలేదేమోనని మీ భయం. నాకలా అనిపించడం లేదు. మీ మనస్సాక్షి మొద్దుబారలేదు, మిమ్మల్ని ఆ పల్లెకు వెళ్ళమంటోంది. మీరేమో ప్రతిసారీ చర్చికి వెళ్తున్నారు.

దావీదు ఆ మాట అనేనాటికి ఊరియా బతికి లేడు. అతని భార్యను తీసుకుని, దావీదే చంపించాడు. వెళ్ళి తలుపు తట్టి ‘నీకు అన్యాయం చేశాను’ అని చెప్పుకోవడానికి ఆ మనిషే లేడు. మీ తమ్ముడు ఉన్నాడు, బస్సెక్కితే పూట పట్టని దూరంలో. పైగా దావీదు తనంతట తాను ఒప్పుకోలేదు. నాతాను ప్రవక్త వచ్చి ‘ఆ మనిషివి నువ్వే’ అన్నాకే నోరు విప్పాడు. మీరు ఎవరూ రాకముందే అడుగుతున్నారు, అందుకే మీ మీద నాకు ఆశ ఉంది.

బైబిల్లోనే సంఖ్యాకాండం 5వ అధ్యాయంలో ఒప్పుకోవడం, తిరిగి ఇవ్వడం రెండూ ఒకచోటే ఉన్నాయి. తీసుకున్నదానికి అయిదో వంతు కలిపి, నష్టపోయినవాడికే ఇవ్వాలి. మీ లెక్కలో 80,000 మీద 16,000. సువార్తలో పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. క్షమాపణను డబ్బుతో కొనమని నేననడం లేదు, అది క్రీస్తు ఉచితంగా ఇచ్చేది. కానీ ఆ 80,000 లేక తమ్ముడు ఎక్కడ వడ్డీకి తెచ్చుకున్నాడో మీకు తెలుసా? మైకుసెట్టు గురించి కూడా చెప్పక తప్పదు. అది మీ కానుక కాదు, తమ్ముడి మిర్చి డబ్బు.

మీ స్నేహితుడు మంచి మనసుతోనే చెప్పారు. అయితే అక్కడి గురువు కూడా విని ఊరుకోరు, తీసుకున్నది తిరిగి ఇవ్వమనే చెబుతారు. ఆదివారం అందరూ కలిసి చెప్పే ఒప్పుకోలే కాక, పాస్టరుగారి దగ్గర ఒంటరిగా ఒప్పుకునే పద్ధతి లూథరన్ విశ్వాసంలోనూ ఉంది. ఆయన్ని కలవండి. కానుకల లెక్క కొన్నాళ్ళు వేరేవాళ్ళకు అప్పగించమని మీరే అడగండి.

ముందు మీ భార్యకు చెప్పండి. డబ్బు మీ ఇంట్లోంచే కదా వెళ్ళాలి, రేపు మరదలి ముందు తలెత్తుకోవాల్సింది ఆమె కూడా.

తమ్ముడికి ఫోన్‌లో చెప్పొద్దు. పండక్కి అందరూ ఉన్నప్పుడు వద్దు. సాక్ష్యం పేరుతో చర్చిలో అసలే వద్దు, తమ్ముడి కంటే ముందు ఈ సంగతి సంఘానికి తెలియడం ఇంకో అన్యాయం. ఒంటరిగా వెళ్ళి, కూర్చోగానే చెప్పేయండి: ‘నీ మిర్చిలో 80,000 నేను తిన్నానురా.’ అప్పట్లో ఇబ్బందుల్లో ఉన్నానంటూ మొదలుపెట్టకండి. క్షమించమని అడగండి, కానీ జవాబు కోసం పట్టుబట్టకండి. డెబ్బై ఏళ్ళ మార్లు (డెబ్బై ఏడులసార్లు) క్షమించాలన్న వాక్యం ఆ రోజు మీ నోట రాకూడదు. తిట్టినా, నెలల తరబడి మాట్లాడకపోయినా భరించాల్సింది మీరే.

డబ్బంతా ఒకేసారి సర్దలేకపోతే ఉన్నంత పట్టుకెళ్ళి, మిగతాది ఏ నెల ఎంతో కాగితం మీద రాసివ్వండి. ఆ రోజు అమ్మిన అసలు ధర కూడా అందులో వేయండి. ఈసారి తమ్ముడు మడిచి జేబులో పెట్టుకోబోతే ఆపి, చదివించండి.