ఊరు రెండు పార్టీలైతే బళ్ళో ప్రజాస్వామ్యం పాఠం ఎలా చెప్పాలి?

సర్కారు బళ్ళో పిల్లలు కూడా పార్టీలుగా చీలిపోయారు, పౌరశాస్త్రం చెప్పాలంటే భయమేస్తోంది అని ఓ టీచరు అన్నారు. పల్నాడులో ఓ జెడ్పీ హైస్కూల్లో సోషల్ చెప్పినవాణ్ణి, నాకు జరిగింది రాస్తాను.

2021 ఫిబ్రవరి, పంచాయతీ ఎన్నికల రోజులు. తొమ్మిదో తరగతిలో బెంచీలు కూడా వీధుల వారీగా పంచేసుకున్నారు. మనకెందుకులే అని పాఠం చదివించేస్తున్నా. పంచాయతీ ఎన్నికలు పార్టీరహితం అనగానే ఒకడు లేచాడు: “మరి మా నాన్న మెళ్ళో కండువా ఏంటి సార్?” క్లాసంతా గొల్లుమంది. నేను కిందిపేరాకి జారుకున్నా. అదే నా తప్పు. పుస్తకంలో ఉన్నదంతా ఉత్తిదేనని వాళ్ళు తేల్చేసుకున్నారు.

మర్నాడు అక్కడే మళ్ళీ ఎత్తుకున్నా. బ్యాలెట్ మీద పార్టీ గుర్తు ఉండదు, ఎన్నికల సంఘం ఇచ్చే వేరే గుర్తులుంటాయి. బయట మాత్రం పార్టీలు ‘బలపరుస్తాయి’. రెండూ బోర్డు మీద రాసి, “ఏకగ్రీవం మంచిదా?” అని అడిగా. రెండు వేల లోపు జనాభా ఉన్న పంచాయతీ ఏకగ్రీవమైతే 5 లక్షలిస్తామని ప్రభుత్వం అప్పట్లో ప్రకటించింది. పై స్థాయిలో దీనిమీదా పార్టీలు కొట్టుకున్నాయనుకోండి, మా క్లాసులో మాత్రం బెంచీలు కలగాపులగమయ్యాయి. గొడవలుండవు, రోడ్డొస్తుంది అన్నారు కొందరు. ఒకమ్మాయి, “మా వార్డు మెంబరుగా ఎవరుండాలో ఖాయం చేసింది రచ్చబండ దగ్గర నలుగురు మగాళ్ళు. మా అమ్మనెవరూ అడగలేదు” అంది. కాసేపు ఎవరూ నోరెత్తలేదు.

నేను పెట్టిన షరతు ఒక్కటే. నీ మాట చెప్పేముందు అవతలివాడి మాట చెప్పాలి, వాడు “ఆఁ, అదే” అనాలి. మొదటి వారం చాలామంది అక్కడే తడబడ్డారు.

ఓ తండ్రి మీదికొచ్చాడు, మావాడికి ఏవో నూరిపోస్తున్నారని. వాడి నోట్సే చేతికిచ్చా. అందులో రెండు వైపుల వాదనలూ ఉన్నాయి. చదివి, కాస్త గొణిగి వెళ్ళిపోయాడు.

తర్వాత క్లాస్ లీడర్ ఎన్నిక. ఒక జట్టు బేరానికొచ్చింది: “ఏకగ్రీవం చేసేద్దాం సార్, మాకు ఫ్యాను కింది బెంచీ చాలు!” ఒప్పుకోలేదు, రహస్య ఓటింగే పెట్టా. ఓడినవాడు రెండ్రోజులు మొహం మాడ్చుకు తిరిగాడు. పార్లమెంటులో ప్రభుత్వ ఖర్చుల లెక్కలు చూసే ప్రజా పద్దుల కమిటీ ఛైర్మన్ పదవి ప్రతిపక్షానికిచ్చే ఆనవాయితీ ఉంది కదా, దాని గురించి చెప్పి, మధ్యాహ్న భోజనం గుడ్ల లెక్క వాడికి అప్పగించా. ఆ వారమే రెండు గుడ్ల తేడా పట్టాడు. కూడిక తప్పు వేసింది నేనే.