రొయ్యల డబ్బు షేర్లలో పెట్టే ముందు

చిరంజీవి అబ్బాయికి బాబాయి ఆశీస్సులు.

ఈ పంటలో మిగిలిన అయిదు లక్షలు షేర్లలో పెట్టి, చెరువు గట్టు మీద కూర్చునే రోజూ కొని అమ్ముతానన్నావట. వదిన కంగారు పడుతోంది. షేర్లు వద్దని నేను అనను. రోజువారీ బేరమే నాకు నచ్చలేదు.

షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2024లో బయటపెట్టిన లెక్క చూడు. 2022-23లో ఇంట్రాడే, అంటే కొన్నరోజే అమ్మే బేరం, చేసినవాళ్లలో పదికి ఏడుగురు నష్టపోయారు. ఏడాదిలో 500కు మించి లావాదేవీలు చేసినవాళ్లలో 80 శాతం మంది! ఎక్కువసార్లు చేసినంత మాత్రాన చేయి తిరగలేదన్నమాట. ప్రతి బేరానికీ బ్రోకరేజీ, ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీల పన్ను), జీఎస్టీ ఉంటాయి. చిన్న లాభాలను అవే మింగేస్తాయి. ఆప్షన్లు, అంటే షేరు ధర ఎటు పోతుందోనని గడువు పెట్టి కట్టే ఒప్పందాలు, వాటి జోలికి అసలు పోవద్దు.

గోదావరి లంకల్లో మనవాళ్లు రోజూ వచ్చే పోటుకు సామాను సర్దరు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది వస్తే కదులుతారు. ఒక్కోసారి మూటలు కట్టాక వరద తగ్గిపోతుంది, శ్రమ వృథా. అయినా మరుసటి ఏడు మళ్లీ కడతారు. ట్రెండ్ వెంట, అంటే మార్కెట్ సాగే దిశ వెంట, నడిచేవాడి పద్ధతీ అంతే.

నువ్వు నిఫ్టీ ఈటీఎఫ్ కొనుక్కో. నిఫ్టీ అంటే యాభై పెద్ద కంపెనీల షేర్ల సూచీ; ఆ షేర్లన్నీ కలిపి ఒకే షేరులా కొనుక్కునే ఫండే ఈటీఎఫ్. నెలాఖరు ముగింపు గత పది నెలాఖరుల సగటు కంటే పైన ఉంటే ఉంచు, కిందికి దిగితే అమ్మేయి. 2020కి నేను లెక్క వేసి చూశాను. ఫిబ్రవరి ఆఖరున ఈ సూత్రం నిఫ్టీ 11,200 దగ్గర బయటికి రమ్మంది. మార్చి 24న నిఫ్టీ 7,511కు పడింది. జులై ఆఖరున 11,070 దగ్గర మళ్లీ కొనమంది. అమ్మిన ధరకూ కొన్న ధరకూ తేడా ఎంత? దాదాపు ఏమీ లేదు! మార్చిలో భయపడి అమ్ముకునే అవసరం లేకపోవడమే దక్కింది. అసలు లాభం ఆ తర్వాతది: 2021 అక్టోబరులో 18,600 దాటేవరకూ ఆ సూత్రం ఒక్కసారి కూడా అమ్మమనలేదు. రోజువారీ మనిషి రెండు శాతానికే తృప్తిపడి దిగిపోయేవాడు.

మార్కెట్ ఎటూ కదలని ఏడాదిలో ఈ పద్ధతి విసిగిస్తుంది. కొన్నాక పడుతుంది, అమ్మాక లేస్తుంది. శిఖరం దగ్గర ఎప్పుడూ అమ్మలేవు. అందుకు సిద్ధపడితేనే దిగు. విడి షేరు కొనాలని మనసు లాగితే, ఒక్కోదానిలో వచ్చే నష్టం నీ మొత్తం డబ్బులో ఒక శాతానికి మించకూడదు. అంటే అయిదు వేలు. పది శాతం పడితే అమ్మేస్తానని ముందే అనుకుంటే యాభై వేలకు మించి కొనకూడదు.

పన్ను సంగతి కూడా గుర్తుంచుకో. 2024 జులై నుంచి ఏడాది దాటకుండా అమ్మితే లాభంపై 20 శాతం, దాటాక 1.25 లక్షల పైన లాభానికి 12.5 శాతం.

వచ్చే పంటకు సీడు (రొయ్య పిల్లలు), మేత డబ్బు ముందు పక్కన పెట్టు. ఎప్పుడు కొంటావో, ఎప్పుడు అమ్ముతావో కాగితం మీద రాసి సంక్రాంతికి తీసుకురా. చూసి చెబుతాను.

మీ బాబాయి